వుడ్‌ల్యాండ్ సన్‌ఫ్లవరా, ష్వైనిట్జ్ సన్‌ఫ్లవరా? నార్త్ కరోలినాలో ఒక గుర్తింపు కేసు

అమెరికాలోని షార్లెట్ నగరం చుట్టుపక్కల ఇప్పుడు తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. వాటిలో ఒక కుటుంబం యూనియన్ కౌంటీలో ఇల్లు కట్టుకుందామని పదెకరాల లోపు స్థలం కొన్నది. అందులో సగానికి పైగా ఓక్ అడవి. ఒక పక్కన కరెంటు తీగల కింద చెట్లు కొట్టేసి ఖాళీగా ఉంచిన పట్టీ. మధ్యలో చిన్న వాగు. రోడ్డు నుంచి ఇంటిదాకా దారి వేయాలంటే వాగులో తూములు వేసి మట్టి పోయాలి. ఆ పనికి ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్ పర్మిట్ ఉండాలి. ఫెడరల్ పర్మిట్ అనగానే 1973 నాటి అంతరించిపోతున్న జాతుల చట్టం వచ్చి కూర్చుంటుంది: ఆ పని వల్ల రక్షిత జాతులకు దెబ్బ తగులుతుందా అని చూడాలి. ఆ కౌంటీ రక్షిత జాతుల జాబితాలో ష్వైనిట్జ్ సన్‌ఫ్లవర్ అనే అరుదైన అడవి పొద్దుతిరుగుడు ఉంది. వీళ్ళ స్థలంలోనేమో అడవి అంచు పొడవునా పసుపు పువ్వులు.

నేను చేసే పని ఇలాంటి మొక్కల సర్వే. స్థలం ఎక్కడో ఇంతకంటే చెప్పను. అరుదైన మొక్కల చోట్లు బయటపెట్టకపోవడం మా పనిలో అలవాటు, పైగా ఇది ఒకరి ఇల్లు.

నేను వెళ్ళేసరికే ఇంట్లో టెన్షన్ బాగా ఉంది. ఫోన్ యాప్‌లో ఫోటో పెడితే ఒకసారి ష్వైనిట్జ్ అని, ఇంకోసారి జెరూసలేం ఆర్టిచోక్ (ఇదీ ఒక సన్‌ఫ్లవరే) అని, మరోసారి వేరే పేరు వచ్చిందట. "ఆ మొక్క ఉంటే ఇక ఇల్లు కట్టనివ్వరు" అని ఎవరో భయపెట్టారట. "మేడమ్, నిజమేనా?" అని ఆ ఇంటి కోడలు నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఇది.

నిజం కాదు. ఆ చట్టం జంతువులను కాపాడినంత గట్టిగా ప్రైవేటు భూమిలోని మొక్కలను కాపాడదు. ఫెడరల్ పర్మిట్టో, ఫెడరల్ డబ్బో మధ్యలో లేకపోతే సొంతదారుడి చేతులు దాదాపు కట్టేయదు. ఇక్కడ వాగు దాటే పనికి పర్మిట్ కావాలి కాబట్టి ప్రశ్న లేచింది. మొక్క ఉందని తేలినా ఇల్లు ఆగిపోదు. దారిని కాస్త పక్కకు జరపడం, మొక్కలున్న చోట కంచె వేయడం, అవసరమైతే వన్యప్రాణి శాఖతో సంప్రదింపులు, ఇవీ జరిగేవి. ఈ సంగతి ముందే చెప్పడం మంచిది. భయపడిన మనిషి చేసే మొదటి పని గడ్డి కోసే యంత్రం బయటికి తీయడం. అలా పోయిన గుంపుల గురించి ఈ పనిలో ఉన్నవాళ్ళందరూ వినే ఉంటారు.

ఎందుకింత కంగారు పెట్టే మొక్క ఇది

ష్వైనిట్జ్ సన్‌ఫ్లవర్ ప్రపంచం మొత్తం మీద నార్త్, సౌత్ కరోలినాల పీడ్‌మాంట్‌లో మాత్రమే సహజంగా పెరుగుతుంది. పీడ్‌మాంట్ అంటే అపలాచియన్ కొండలకూ తీర మైదానానికీ మధ్య ఉన్న ఎగుడుదిగుడు నేల. దాని గుంపుల్లో ఎక్కువ భాగం షార్లెట్ చుట్టుపక్కలే ఉన్నాయి. 1991లో దాన్ని ఫెడరల్ ప్రభుత్వం అంతరించిపోతున్న జాతుల్లో చేర్చింది. ఇప్పుడది మిగిలింది ఎక్కువగా రోడ్డు పక్కన, కరెంటు లైన్ల కింద. చెట్లు పెరగనివ్వని చోట్లు అవే కదా.

ఇక వుడ్‌ల్యాండ్ సన్‌ఫ్లవర్, శాస్త్రీయంగా హీలియాంథస్ డైవారికేటస్, కెనడాలోని ఆంటారియో నుంచి దక్షిణాన జార్జియా, అలబామాల దాకా ఓక్ అడవుల్లో కనిపించే మామూలు మొక్క. స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ 1753లోనే దానికి పేరు పెట్టాడు. ఉత్తర అమెరికాలో హీలియాంథస్ ప్రజాతిలో, అంటే సన్‌ఫ్లవర్‌ల కుదురులో, సుమారు 50 జాతులున్నాయి. మనం నూనెకు పండించే పొద్దుతిరుగుడు వాటిలో ఒకటి, అది ఏకవార్షికం. అడవి అంచుల్లో ఉండేవి చాలామటుకు బహువార్షికాలు. చలికాలంలో పైన ఎండిపోయి, వేరు బతికి, వసంతంలో మళ్ళీ చిగురిస్తాయి. ఒక్కో కాడకు మూడు నాలుగు చిన్న పువ్వులు పూస్తాయి. పళ్ళెమంత పువ్వును వెతుక్కుంటూ వెళ్తే వీటి పక్క నుంచే నడిచి వెళ్ళిపోతాం.

ఆ ఇంట్లో పెద్దాయన, కోడలికి మామగారు, నంద్యాల వైపు ఒకప్పుడు నల్లరేగడిలో పొద్దుతిరుగుడు వేసినవారు. నాతో పాటు అడవి అంచుదాకా నడిచి, పువ్వును వేలితో తిప్పి చూసి, "అమ్మా, ఇది పొద్దుతో పాటు తిరుగుతుందా?" అని అడిగారు. మన పంటలోనైనా లేత మొక్కే తిరుగుతుంది. పువ్వు పూర్తిగా విచ్చుకున్నాక తూర్పు ముఖంగా ఆగిపోతుంది. పొద్దున్నే ఎండ తగిలి వేడెక్కిన పువ్వు దగ్గరికి తేనెటీగలు ఎక్కువగా వస్తాయని 2016లో కాలిఫోర్నియా పరిశోధకులు చూపించారు. ఈ అడవి అంచున మాత్రం పువ్వులు చాలామటుకు చెట్ల వైపు వీపు పెట్టి వెలుతురున్న వైపుకు వంగి ఉన్నాయి. ఆయన అడిగిన ప్రశ్న గుర్తింపుకు పనికిరాకపోయినా స్థలాన్ని చూడటానికి బాగా పనికొచ్చింది. ఈ మొక్కకు వెలుతురు ఎటు నుంచి వస్తోంది, ఎంత వస్తోంది అన్నదే ఈ కేసులో సగం.

పువ్వు కాదు, ఆకు

మొదట వెళ్ళింది జూలైలో. అప్పటికే అడవి అంచున కొన్ని పూశాయి. ఇది మొదటి ఆధారం, బలమైనదే. ష్వైనిట్జ్ ఆగస్టు చివరికి గానీ పూయదు. సెప్టెంబర్, అక్టోబర్‌లలో నిండుగా పూసి, తొలి మంచు పడేదాకా ఉంటుంది. వుడ్‌ల్యాండ్ సన్‌ఫ్లవర్ నడివేసవిలోనే మొదలుపెడుతుంది. అయినా జూలై సర్వేను పర్మిట్ ఆఫీసు ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా. ముందుగా పూసే జాతి పక్కనే ఆలస్యంగా పూసే జాతి ఉండవచ్చు. అందుకే సెప్టెంబర్‌లో మళ్ళీ వెళ్ళాలి. వెళ్ళేముందు, ష్వైనిట్జ్ ఉందని ముందే తెలిసిన ఒక చోటుకు వెళ్ళి ఆ ఏడాది అది పూసిందో లేదో చూసుకోవాలి. వానలు లేని ఏడు పూత వెనక్కి జరుగుతుంది. అక్కడ పూయనప్పుడు ఇక్కడ వెతికి "లేదు" అని రాస్తే ఆ మాటకు విలువ లేదు.

గుర్తింపును నేను ఎప్పుడూ "ఇది సన్‌ఫ్లవరేనా?" అన్న దగ్గర మొదలుపెడతాను. కరెంటు తీగల కింది పట్టీలో క్రౌన్‌బియర్డ్ చాలా ఉంది, వెర్బెసినా ఆక్సిడెంటాలిస్. దూరం నుంచి పసుపే, ఆకులూ ఎదురెదురే. కానీ కాండం పొడవునా సన్నటి రెక్కల్లాంటి అంచులుంటాయి, పసుపు రేకులు రెండు మూడే, అవి కూడా అడ్డదిడ్డంగా ఉంటాయి. కాండాన్ని వేళ్ళ మధ్య పెట్టి తిప్పితే అది ఏమిటో తెలిసిపోతుంది. ఇంకా మోసం చేసేది ఆక్స్‌ఐ, హీలియాప్సిస్. దాన్ని పట్టుకోవడానికి ఒక అంచు రేకును మొదలుతో సహా పీకి లెన్స్ కింద చూడాలి. ఆక్స్‌ఐలో ఆ రేకు మొదట్లో రెండుగా చీలిన కీలాగ్రం ఉంటుంది, అంటే ఆ రేకు కూడా గింజ కడుతుంది. అసలు సన్‌ఫ్లవర్‌లో అంచు రేకులు వట్టి అలంకారమే, గింజ మధ్య బిళ్ళలో మాత్రమే. మన గడ్డి చామంతి రేకు పీకి చూసినా ఈ కీలాగ్రం కనిపిస్తుంది. ఇంటి దగ్గర ప్రాక్టీసుకు అది చాలు.

తర్వాత బిళ్ళ రంగు. ఇక్కడ పసుపే. దీనితో ఊదా బిళ్ళ ఉండే రెండు జాతులు పక్కకు పోయాయి: మొదట్లో ఆకులు పళ్ళెంలా పరుచుకునే అట్రోరూబెన్స్, తడి నేలల్లో సన్నటి ఆకులతో పెరిగే స్వాంప్ సన్‌ఫ్లవర్.

అసలు విషయం ఆకు కాండాన్ని తగిలే చోట ఉంది. అంచున ఉన్న పెద్ద గుంపులో ఆకులు కింది నుంచి పైదాకా ఎదురెదురుగా, కాండానికి ఇరుపక్కలా దాదాపు అడ్డంగా చాచి ఉన్నాయి. ఆకు కాడ లేదు. ఉన్నచోట కూడా అర సెంటీమీటర్ లోపే. ఆకు మొదలు గుండ్రంగా, కొన్నిట్లో కోసేసినట్టు తిన్నగా ఉంది. కొస వైపు వెళ్ళేకొద్దీ ఆకు సన్నబడుతూ పోతుంది. మూడు పెద్ద ఈనెలు సరిగ్గా ఆకు మొదట్లోనే విడిపోతున్నాయి. దగ్గరి జాతి స్ట్రుమోసస్‌లో ఆకుకు స్పష్టమైన కాడ ఉంటుంది, పక్క ఈనెలు మొదలుకు కాస్త పైన విడిపోతాయి. కాండం నున్నగా, బూడిద పూసినట్టు పల్చటి తెలుపు పూతతో ఉంది. నూగు ఉన్నది పూకొమ్మల దగ్గర మాత్రమే. హెయిరీ సన్‌ఫ్లవర్, అంటే హిర్సూటస్ అయితే కాండమంతా గరుకు నూగు ఉండాలి.

పెద్ద గుంపు విషయంలో ఇంతటితో అనుమానం తీరిపోయింది. వుడ్‌ల్యాండ్ సన్‌ఫ్లవరే. పువ్వు వెడల్పు కూడా కొలిచి రాశాను, రేకులు లెక్కపెట్టాను, 8 నుంచి 12 మధ్య ఉన్నాయి. కానీ వాటి మీద నేను ఎక్కువ భరోసా పెట్టను. నీడలో, కరువులో పువ్వు చిన్నదవుతుంది, రేకులు తగ్గుతాయి. ఆకు మొదలు మాత్రం అంత తేలిగ్గా మారదు.

కరెంటు తీగల కింద ఉన్న గుంపు

చిక్కంతా ఇక్కడే. తీగల కింద వేసవి మొదట్లో ఒకసారి కోసేశారు. కోత తర్వాత మళ్ళీ లేచిన మొక్కలు మోకాలెత్తున ఉన్నాయి. జూలైలో వీటికి పువ్వు లేదు, సెప్టెంబర్‌లో పూశాయి. ఆకులు సన్నగా ఉన్నాయి, పై ఆకులు ఎదురెదురు కాకుండా ఒకటి విడిచి ఒకటిగా ఉన్నాయి. పువ్వులు చిన్నవి. ఆలస్యపు పూత, సన్నటి ఆకు, పైన ఏకాంతర ఆకులు, చిన్న పువ్వు, తీగల కింది స్థలం: ష్వైనిట్జ్ గురించి పుస్తకంలో ఉండే వర్ణన ఇదే. యాప్‌కు ష్వైనిట్జ్ అనిపించిన ఫోటో కూడా ఇక్కడ తీసిందే.

కోసిన మొక్కకు, జింక కొరికిన మొక్కకు ఆకారం మారిపోతుంది. తల పోయాక కింది కణుపుల నుంచి వచ్చే కొమ్మల ఆకులు చిన్నవిగా, సన్నవిగా వస్తాయి, ఆకుల అమరిక తారుమారవుతుంది, పూత వెనకబడుతుంది. కాబట్టి ఇక్కడ మొక్క ఆకారమూ పూత కాలమూ సాక్ష్యంగా పనికిరావు. కోత ప్రభావం తగలని లక్షణాలు కావాలి.

నేను చూసింది ఆకు అడుగు. ష్వైనిట్జ్ ఆకు కింద తెల్లటి మెత్తని నూగు దట్టంగా ఉంటుంది, దాని మధ్య జిగురు చుక్కలు మెరుస్తాయి. పై వైపు మాత్రం ఆకు కొసకేసి వంగిన గట్టి రోమాలతో గరుగ్గా ఉంటుంది. ఆకు మందంగా, అంచులు కాస్త కిందికి ముడుచుకుని ఉంటాయి. కళ్ళు మూసుకుని రెండు వేళ్ళ మధ్య రుద్దినా పైన గరుకు, కింద మెత్తన తెలుస్తాయి. ఈ తీగల కింది మొక్కల ఆకు అడుగు పచ్చగానే ఉంది, నూగు పల్చగా, ఎక్కువగా ఈనెల మీదే. కాండం మొదట్లో నున్నగా ఉంది. కోత కింద బతికిపోయిన పాత ఆకులు నేలకు ఆనుకుని ఉన్నాయి, వాటికి కాడ లేదు, మొదలు గుండ్రం.

మిగిలింది వేరు. ష్వైనిట్జ్‌కు నేలలో చిన్న దుంపలు ఊరతాయి. వుడ్‌ల్యాండ్ సన్‌ఫ్లవర్‌కు దుంపలుండవు, సన్నటి పొడవాటి కాండాలు మట్టిలో అడ్డంగా పాకుతాయి. తవ్వి చూస్తే క్షణంలో తెలిసిపోతుంది కదా అని మామగారు అన్నారు. రక్షిత మొక్కేమోనన్న అనుమానం ఉండగా గుద్దలి దించకూడదు. ఆకుల పరీక్షతో ఆ అనుమానం తీరాకే, ఒక కాడ పక్కన ఆకుచెత్త తొలగించి పై మట్టిని వేళ్ళతో పక్కకు జరిపాను. కొన్ని అంగుళాల లోతులోనే పెన్సిల్ కంటే సన్నగా తెల్లటి పాకుడు కాండం అడవి వైపుకు వెళ్తోంది. దాన్ని అలాగే కప్పేశాను.

వాగు వైపు వాలులో మూడో గుంపు ఒకటి ఉంది. నిక్కచ్చిగా కాడ ఉన్న ఆకులు, ఆకు అడుగు పాలిపోయి జిగురు చుక్కలతో, పువ్వులు రూపాయి బిళ్ళకంటే కాస్త పెద్దవి, రేకులు 5 నుంచి 8. అది స్మాల్‌హెడెడ్ సన్‌ఫ్లవర్, మైక్రోసెఫాలస్. ఇక్కడి పీడ్‌మాంట్‌లో మామూలే. వుడ్‌ల్యాండ్, స్మాల్‌హెడెడ్ పక్కపక్కన పెరిగితే సంకరం పుట్టవచ్చు, మధ్యరకం కాడలతో. అలాంటివి ఉన్నాయేమోనని రెండు గుంపుల మధ్య నేలంతా తిరిగాను, ఆ ఏడు కనబడలేదు.

నేల ఏం చెప్పింది

జాతి పేరు రాసేసి ఊరుకునే నివేదికలు చాలా చూశాను. నా దృష్టిలో అది సగం పని. ఆ మొక్క అక్కడ ఎందుకుందో రాయకపోతే, దాన్ని ఏం చేయాలో ఎవరికీ తెలియదు.

స్థలం పైభాగంలో చదునైన నేల ఇరెడెల్ రకం. గాబ్రో, డయొరైట్ లాంటి నల్లరాళ్ళు కరిగి ఏర్పడిన బంకమట్టి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలిస్తుంది. మామగారు ఆ బీటల్ని చూడగానే "ఇది రేగడి లక్షణమే" అన్నారు. ఆయన మాట సరైనదే, రంగు వేరైనా రెండిట్లోనూ ఉబ్బే జాతి బంకమట్టే. నీరు ఇంకని, వేసవిలో రాయిలా గట్టిపడే ఇలాంటి నేలలో చెట్లు పొట్టిగా, పల్చగా పెరుగుతాయి. బ్లాక్‌జాక్ ఓక్, పోస్ట్ ఓక్ ఉన్నాయంటే కింద ఈ మట్టి ఉండవచ్చని ఇక్కడివాళ్ళకు తెలుసు. ష్వైనిట్జ్ బాగా ఇష్టపడే నేలల్లో ఇదొకటి. అందుకే మొక్క కనబడకపోయినా ఈ చదును భాగాన్ని దానికి తగిన ఆవాసమని నివేదికలో రాశాను.

వాలు మొదలయ్యే చోట మట్టి ఎర్రబడుతుంది, సెసిల్ రకం ఎర్రబంక. వైట్ ఓక్, సదరన్ రెడ్ ఓక్, హికరీ. వుడ్‌ల్యాండ్ సన్‌ఫ్లవర్ పెద్ద గుంపు ఈ వాలు పైఅంచున, నైరుతి ముఖంగా ఉంది. మధ్యాహ్నం దాటాక మూడు నాలుగు గంటల ఎండ, మిగతా పొద్దంతా చుక్కచుక్కల నీడ. నేల పొడి. కింద లిటిల్ బ్లూస్టెమ్ గడ్డి, పావర్టీ ఓట్ గడ్డి, గోట్స్ రూ, పెద్ద కోరియాప్సిస్. పట్టీలో ఒకచోట వైల్డ్ క్వినైన్ కూడా ఉంది, పార్థీనియం ఇంటిగ్రిఫోలియం. మన పొలాలను పట్టి పీడించే వయ్యారిభామకు అది సొంత ప్రజాతి చుట్టం. ఇక్కడ మాత్రం పుట్టిన గడ్డ మీద, ఎవరికీ హాని లేకుండా, పాత గడ్డిమైదానానికి గుర్తుగా నిలబడి ఉంటుంది. ఆ మొక్క కనబడితే నేను నడక తగ్గించి చుట్టూ ఇంకా నిదానంగా చూస్తాను.

అడవి లోపలికి వెళ్తే అసలు కథ తెలిసింది. అక్కడ నాలుగైదు పెద్ద వైట్ ఓక్‌లున్నాయి. మనిషి ఎత్తు నుంచే లావాటి కొమ్మలు అడ్డంగా చాపుకుని ఉన్నాయి, వాటిలో కిందివి చాలామటుకు చచ్చిపోయాయి. కిక్కిరిసిన అడవిలో పుట్టిన ఓక్ వెలుతురు కోసం నిటారుగా పైకి పోతుంది, ఇలా చాపుకోదు. ఈ చెట్లు పెరిగిన రోజుల్లో చుట్టూ ఖాళీ ఉండేది. ఇప్పుడు వాటి మధ్యంతా చేతి మందం స్వీట్‌గమ్, రెడ్ మేపుల్ చెట్లు. ఈ నీడలో, ఆకుచెత్త మధ్య, కాడలేని ఎదురెదురు ఆకులతో ఒక్కో కాండం మోకాలి ఎత్తు కూడా లేకుండా, పువ్వు లేకుండా నిలబడి ఉంది. వుడ్‌ల్యాండ్ సన్‌ఫ్లవరే. పూత లేదు కాబట్టి ఎవరి కంటా పడలేదు. అంచున ఉన్న గుంపు అడవిలోకి పాకడం లేదు. ఒకప్పుడు అడవంతా ఉన్న మొక్క అంచుకు నెట్టబడింది.

పీడ్‌మాంట్ ఇలా చీకటి అడవిగా ఎప్పుడూ ఉండేది కాదు. కటావ్బా వంటి స్థానిక తెగలవారు గడ్డికి నిప్పు పెట్టేవారు. పిడుగుల మంటలూ ఉండేవి, బైసన్, ఎల్క్ మేసేవి. 1701లో ఈ దారిన నడిచిన ఇంగ్లీషు యాత్రికుడు జాన్ లాసన్ తన ప్రయాణ వర్ణనలో విశాలమైన పచ్చిక నేలల గురించి రాశాడు. మంటలు ఆర్పడం విధానంగా మారిన 20వ శతాబ్దంలో మేపుల్, స్వీట్‌గమ్ లేచాయి. ఆ గడ్డిమైదానాల అవశేషాలను చూడాలనుకునేవారు సౌత్ కరోలినా వైపు రాక్ హిల్ బ్లాక్‌జాక్స్ హెరిటేజ్ ప్రిజర్వ్‌కు వెళ్ళవచ్చు. షార్లెట్‌లో ఉంటే మెక్‌డవెల్ నేచర్ ప్రిజర్వ్‌లో తిరిగి పెంచిన గడ్డినేలలున్నాయి. సెప్టెంబర్‌లో వెళ్ళండి.

ఏం చేశాం

పర్మిట్ నివేదికలో రాసింది: ష్వైనిట్జ్‌కు తగిన ఆవాసం ఉంది, పూత కాలంలో, పూత ఖాయం చేసుకుని వెతికినా ఆ జాతి కనబడలేదు, ఉన్నవి వుడ్‌ల్యాండ్, స్మాల్‌హెడెడ్ సన్‌ఫ్లవర్‌లు. ప్రతి గుంపుకూ ఆకు మొదలు, ఆకు అడుగు, కాండం మొదలు, పువ్వు వెనక వైపు ఫోటోలు జతచేశాను. మీలో ఎవరైనా ఇలాంటి మొక్కను గుర్తించమని ఫోటో పంపితే దయచేసి ఇవి నాలుగూ తీయండి. పువ్వు ముఖం ఒక్కటే ఉన్న ఫోటోతో, ఎంత అందంగా ఉన్నా, ఏమీ తేల్చలేం.

చట్టం ప్రకారం అక్కడితో నా పని అయిపోయింది. కానీ వుడ్‌ల్యాండ్ సన్‌ఫ్లవర్ అరుదైనది కాదు కదా అని వదిలేయడం నాకు ఇష్టం లేదు. సిల్వరీ చెకర్‌స్పాట్ సీతాకోకచిలుక గొంగళిపురుగులు ఈ ఆకుల అడుగునే గుంపుగా పెరుగుతాయి. సన్‌ఫ్లవర్ పుప్పొడి మీదే ఆధారపడే ఆండ్రీనా హీలియాంథి అనే నేలతేనెటీగ ఉంది. గింజల కోసం గోల్డ్‌ఫించ్‌లు వస్తాయి. మామూలు మొక్క మామూలుగా ఉన్నంత కాలమే ఇవన్నీ ఉంటాయి. ఆ కుటుంబం నా మాట విని, దారిని పెద్ద గుంపు తగలకుండా కొన్ని గజాలు తూర్పుకు జరిపింది.

చలికాలంలో వైట్ ఓక్‌ల చుట్టూ ఉన్న స్వీట్‌గమ్, మేపుల్‌లను ఒక పట్టీగా కొట్టించాం. స్వీట్‌గమ్‌ను కొట్టి వదిలేస్తే మొదలు నుంచి పది చిగుళ్ళు లేస్తాయి, అందుకని కొట్టిన వెంటనే మోడు మీద కలుపుమందు పూయాలి. ఇళ్ళ మధ్య నిప్పు పెట్టే పని లేదు కాబట్టి, ఫిబ్రవరి చివర ఎత్తుగా ఒక్క కోత, కోసిన చెత్తను గోకి తీసేయడం. తీగల కింద కోతను చలికాలానికి మార్చమని కరెంటు సంస్థను అడిగాం, ఒప్పుకుంది. కలుపుగా అల్లుకుపోయే చైనీస్ ప్రివెట్ పొదలను వేళ్ళతో సహా పీకించాం. ఆకుల్ని పురుగులు తింటున్నాయని మందు కొట్టబోయారు ఒకసారి, అవి చెకర్‌స్పాట్ పిల్లలని చూపించి ఆపాను. జింకల కోసం లోపలి మొక్కల చుట్టూ తాత్కాలికంగా వల కట్టాం.

మరుసటి వేసవిలో, ఓక్‌ల చుట్టూ చెట్లు కొట్టించిన పట్టీలోని కాడలు నడుమెత్తుకు లేచి పూశాయి. గింజల సంగతి మాత్రం ఇంకా తేలలేదు. ఈ బహువార్షిక సన్‌ఫ్లవర్‌లు తమ పుప్పొడితో తాము గింజ కట్టవు. పాకుడు కాండాలతో విస్తరించిన గుంపులో వందల కాడలున్నా అవన్నీ ఒకే మొక్క కావచ్చు, అప్పుడు పువ్వులెన్ని పూసినా గింజలు తాలే. మొదటి ఏడు అంచు గుంపులో గింజల్ని గోళ్ళ మధ్య నొక్కి చూస్తే చాలా భాగం తాలు. లోపలి మొక్కలు పూసిన ఏడు, అంచు గుంపులో అటువైపు ఉన్న పువ్వుల్లో గట్టి గింజలు స్పష్టంగా పెరిగాయి. లోపలివీ అంచువీ వేర్వేరు మొక్కలై ఉండాలని నా అంచనా. కానీ వాగు పక్క స్మాల్‌హెడెడ్ పుప్పొడి కూడా వచ్చి ఉండవచ్చు. అందుకే ఆ గింజల్ని నేరుగా పట్టీలో చల్లలేదు. చలికి పెట్టి, మామగారి పెరట్లో కుండీల్లో మొలకెత్తించాం. ఒక్కో మొక్కకూ ఆకు కాడ పొడవు కొలిచి రాసి పెడుతున్నారు ఆయన. కాడ అర సెంటీమీటర్ దాటినవాటిని పక్కన పెట్టి, మిగిలినవాటినే అడవి అంచున నాటుతాం.